కారు కొనేటప్పుడు క్రెడిట్ కార్డు ఎంతవరకు గీకవచ్చు?

కారు ధర ఖరారైంది, రంగు ఎంచుకోవడం కూడా అయిపోయింది. డీలర్ బల్ల మీద కాగితాలు సర్దుతున్నాడు. బుకింగ్‌కు ఇప్పుడు కొంత కట్టాలి, తర్వాత డౌన్ పేమెంట్ కట్టాలి. సరిగ్గా అప్పుడే చాలామందికి ఒక ఆలోచన వస్తుంది: ఇందులో కొంత క్రెడిట్ కార్డు మీద కట్టేస్తే సరిపోతుంది కదా?

ఈ ఆలోచన రెండు రకాల మనుషులకు వస్తుంది. ఒకరి ఖాతాలో డబ్బు సిద్ధంగా ఉంది. కార్డు మీద కడితే పాయింట్లు వస్తాయి, బిల్లు గడువు దాకా డబ్బు తన దగ్గరే ఉంటుంది, ఏదైనా తేడా వస్తే బ్యాంకును నిలదీయవచ్చు. అది ఆ మనిషి లెక్క. ఇంకొకరికి డౌన్ పేమెంట్‌కు డబ్బు చాలడం లేదు. ఆ లోటును కార్డుతో పూడ్చి, నెలనెలా కొంత కొంత తీర్చుకుందామన్నది ఆయన ఆశ. పైకి చూస్తే ఇద్దరూ చేసేది ఒకటే పని, మెషీన్‌లో కార్డు పెట్టి పిన్ నొక్కడం. కానీ మొదటి మనిషి కార్డుతో డబ్బు కడుతున్నాడు, రెండో మనిషి కార్డు దగ్గర అప్పు తీసుకుంటున్నాడు. కారుకు కార్డు వాడటం మంచిదా కాదా అన్న వాదన ఎంతకీ తెగకపోవడానికి కారణం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడమే. మొదటి పనికి కార్డు చాలా మంచి సాధనం. రెండో పనికి అది మామూలు జనానికి అందుబాటులో ఉన్న అప్పుల్లో బాగా ఖరీదైనది. కింది లెక్కలన్నీ ఈ తేడా చుట్టూ తిరిగేవే.

డీలర్ ఎందుకు వెనకాడతాడు

కార్డు గీకిన ప్రతిసారీ అమ్మేవాడికి మొత్తం డబ్బు చేరదు. కార్డు ఇచ్చిన బ్యాంకు, డీలర్‌కు మెషీన్ ఇచ్చిన బ్యాంకు, మధ్యలో వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ తలా కొంత తీసుకుంటాయి. ఇందులో పెద్ద వాటా సాధారణంగా కార్డు ఇచ్చిన బ్యాంకుదే. దాన్ని ఇంటర్‌ఛేంజ్ ఫీజు అంటారు. కార్డుదారుకు వచ్చే రివార్డు పాయింట్ల ఖర్చు చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. అంటే పాయింట్లు బ్యాంకు ఇచ్చే కానుక కాదు, అమ్మేవాడి జేబులోంచి వచ్చి చేతులు మారిన డబ్బు. ప్రభుత్వ నియంత్రణ లేని చోట అమ్మేవాడు కట్టే మొత్తం ఫీజు బిల్లులో ఒకటిన్నర నుంచి మూడు శాతం దాకా ఉండటం మామూలే. యూరోపియన్ యూనియన్ 2015లో తెచ్చిన నిబంధన ఇంటర్‌ఛేంజ్‌ను వినియోగదారుల క్రెడిట్ కార్డులపై 0.3 శాతానికి, డెబిట్ కార్డులపై 0.2 శాతానికి పరిమితం చేసింది. అక్కడి కార్డుల్లో రివార్డులు అమెరికా కార్డుల్లో ఉన్నంత ధారాళంగా ఉండకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

కారు ధర పెద్దదే గానీ, కొత్త కారు అమ్మితే డీలర్‌కు మిగిలేది ఆ ధరలో కొద్ది శాతమే. అందులోంచి రెండు శాతం కార్డు ఫీజుకు పోతే, ఆ అమ్మకంలో వచ్చే లాభంలో పెద్ద ముక్కే ఎగిరిపోతుంది. అందుకే చాలామంది డీలర్లు బుకింగ్ అమౌంట్ వరకే కార్డు తీసుకుంటారు. కొందరు ఇంత మొత్తం దాటి కార్డు కుదరదని హద్దు పెడతారు. ఇంకొందరు ఎంతైనా గీకండి, కానీ ఫీజు మీరే భరించాలి అంటారు. అదే సర్వీసింగ్ బిల్లుకో సీటు కవర్లకో అయితే కార్డు గురించి ఎవరూ పేచీ పెట్టరు, ఎందుకంటే వాటి మీద లాభం శాతం ఎక్కువ. ఇందులో డీలర్‌ను తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. ఎంతవరకు కార్డు తీసుకుంటారో, అదనంగా ఏమైనా వేస్తారో బుకింగ్‌కు ముందే అడిగి, వీలైతే రాతపూర్వకంగా తీసుకోవడం కొనేవారి పని.

ఫీజు కొనేవారి మీద వేస్తే, దాన్ని సర్‌ఛార్జ్ అంటారు. దీన్ని అనుమతించే చోట్లు ఉన్నాయి, నిషేధించిన చోట్లూ ఉన్నాయి. యూరోపియన్ యూనియన్‌లో, బ్రిటన్‌లో 2018 జనవరి 13 నుంచి మామూలు వినియోగదారుల కార్డులపై సర్‌ఛార్జ్ వేయడం కుదరదు. అనుమతి ఉన్న చోట లెక్క చాలా సులువు. కార్డు మీద కట్టేది 1,00,000 అనుకుందాం. సర్‌ఛార్జ్ 2 శాతం, కార్డు ఇచ్చే క్యాష్‌బ్యాక్ 1 శాతం అయితే, 2,000 పోగొట్టుకుని 1,000 తెచ్చుకోవడం అవుతుంది. పాయింట్ల మోజులో ఈ చిన్న తీసివేత చేయని వాళ్లు ఎందరో. సర్‌ఛార్జ్ ఉన్నా గిట్టుబాటయ్యే సందర్భం దాదాపు ఒక్కటే. కొత్తగా తీసుకున్న కార్డు మొదటి కొన్ని నెలల్లో ఇంత ఖర్చు పెడితే పెద్ద బోనస్ ఇస్తామని చెప్పి ఉండి, ఆ మొత్తాన్ని చేరుకోవడానికి కారు డౌన్ పేమెంట్ ఉపయోగపడితే, అప్పుడు బోనస్ విలువ సర్‌ఛార్జ్‌ను మించుతుందేమో చూసుకోవచ్చు. కానీ మించేది అవసరమైన మేరకు గీకినప్పుడే. బోనస్ హద్దు దాటాక గీకిన ప్రతి పైసా మళ్లీ అదే 2 శాతం సర్‌ఛార్జ్, 1 శాతం క్యాష్‌బ్యాక్ లెక్కలోకి వస్తుంది.

బేరం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ధర ఇంకా తేలకముందే కార్డు మాట ఎత్తితే, ఆ ఫీజును డీలర్ ధరలోనే కలిపేసుకోగలడు. అప్పుడు అది సర్‌ఛార్జ్ పేరుతో కనిపించదు, తగ్గాల్సిన డిస్కౌంటు తగ్గకుండా ఉండిపోతుంది. మొత్తం ధర కాగితం మీదికి వచ్చాకే చెల్లింపు పద్ధతి గురించి మాట్లాడటం మేలు.

వడ్డీ దగ్గర కథ మారిపోతుంది

క్రెడిట్ కార్డు మీద కొన్న వస్తువుకు బిల్లు గడువులోపు మొత్తం కట్టేస్తే వడ్డీ ఉండదు. బిల్లింగ్ సైకిల్ దాదాపు నెల రోజులు, ఆ తర్వాత కట్టడానికి ఇంకో మూడు వారాలు. అమెరికాలో 2009 నాటి కార్డ్ చట్టం ప్రకారం బిల్లు పంపిన రోజు నుంచి కనీసం 21 రోజుల గడువు ఇవ్వాలి. కాబట్టి స్టేట్‌మెంట్ తయారైన మర్నాడు కొంటే దాదాపు 50 రోజులు డబ్బు వడ్డీ లేకుండా వాడుకోవచ్చు. స్టేట్‌మెంట్ రావడానికి ముందు రోజు కొంటే మూడు వారాలే దొరుకుతాయి. డబ్బు ఉన్న మనిషికి ఇది నిజమైన సదుపాయం. ఫిక్స్‌డ్ డిపాజిట్ కాలం తీరేందుకు ఇంకో నెల ఉంటే, దాన్ని మధ్యలో విరగ్గొట్టకుండా ఈ వ్యవధితో గట్టెక్కవచ్చు.

అయితే ఈ సదుపాయం మొత్తం బిల్లు కట్టిన వాళ్లకు మాత్రమే. బిల్లులో కొంత మిగిలిపోతే చాలా కార్డుల్లో వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచే పడుతుంది. పైగా ఆ బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కొనే వాటికి కూడా వడ్డీ లేని వ్యవధి దొరకదు. కారు డౌన్ పేమెంట్ కార్డు మీద మిగిలిపోయిన ఇంట్లో ఆ తర్వాత అదే కార్డు మీద కొన్న మందులకూ ఇంటి సామాన్లకూ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఈ సంగతి చాలామందికి మూడో నెలో నాలుగో నెలో వచ్చిన స్టేట్‌మెంట్ చూశాక గానీ తెలియదు.

వడ్డీ రేటు ఎక్కువ ఎందుకంటే, కార్డు అప్పుకు తాకట్టు లేదు. కారు లోన్‌కు కారే తాకట్టు. కట్టకపోతే లోన్ ఇచ్చినవారు కారు తీసుకెళ్లి అమ్ముకోగలరు కాబట్టి వాళ్లకు భయం తక్కువ, రేటూ తక్కువ. కార్డు బాకీ కట్టకపోతే బ్యాంకు నేరుగా వచ్చి కారు పట్టుకుపోలేదు. ఆ ధైర్యం చూసి కార్డే నయమనుకునేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ ఒక్క సౌకర్యానికి కట్టే మూల్యం ఎంతో చూడాలి.

1,00,000 అప్పు. కారు లోన్ ఏడాదికి 10 శాతం అనుకుని 12 నెలల్లో తీరిస్తే నెలకు సుమారు 8,792 కట్టాలి. మొత్తం వడ్డీ 5,500 దగ్గర తేలుతుంది. అదే 1,00,000 కార్డు మీద నూటికి నెలకు మూడు చొప్పున, అంటే ఏడాదికి 36 శాతం మీద తీసుకుని అవే 12 నెలల్లో పట్టుదలగా తీరిస్తే, నెలకు సుమారు 10,046 చొప్పున వడ్డీయే 20,500 దాటుతుంది. దాదాపు నాలుగింతలు. అదీ ఒక్క నెల కూడా తప్పకుండా, సమానంగా కట్టిన మనిషికి.

మినిమం డ్యూ, అంటే ఆ నెల బిల్లులో తప్పకుండా కట్టాల్సిన కనీస మొత్తం, అదొక్కటే కట్టుకుంటూ పోయే మనిషి సంగతి ఇంతకంటే బాధాకరం. మినిమం డ్యూ బిల్లులో 5 శాతం అనుకుందాం. నెల వడ్డీ 3 శాతం కలిసాక, ఆ మొత్తంలో 5 శాతం కడితే, అసలు తగ్గేది నెలకు 2 శాతం చిల్లర. ఏడాది పొడవునా ఇలా కట్టాక లెక్క చూస్తే, చేతి నుంచి పోయింది దాదాపు 55,000. కార్డు మీద ఇంకా మిగిలిన బాకీ 77,000. అంటే కట్టిన దానిలో 32,000 వడ్డీకే పోయింది. మినిమం అనే మాట వింటే ఇంత కడితే చాలన్న భరోసా కలుగుతుంది. నిజానికి అది ఆలస్య రుసుము పడకుండా, పేరు చెడకుండా కాపాడే మొత్తమే. అప్పు తీర్చే మొత్తం కాదు.

కాబట్టి డౌన్ పేమెంట్‌కు డబ్బు చాలనప్పుడు కార్డు వైపు చూసే ముందు వేరే దారులు ఉన్నాయి. ఇంకాస్త ఎక్కువ లోన్ అడగడం, కొంచెం చిన్న కారుకు దిగడం, నాలుగు నెలలు ఆగడం. ఇవేవీ మనసుకు నచ్చేవి కావు. కానీ డౌన్ పేమెంట్ అడగడం వెనక ఉన్న ఉద్దేశం గుర్తు చేసుకుంటే ఇవి సబబుగా కనిపిస్తాయి. కొనేవారు సొంతంగా కొంత పెట్టగలరా లేదా అని చూడటానికే లోన్ ఇచ్చేవారు ఆ మొత్తం అడుగుతారు. దాన్ని కూడా అప్పుతోనే పెడితే కారు మొత్తం అప్పు మీదే నడుస్తుంది, ఒక అప్పుకు 10 శాతం, రెండో అప్పుకు 36 శాతం. కొత్త కారు విలువ మొదటి ఏడాదిలోనే గబగబా పడిపోతుంది కాబట్టి, మధ్యలో అమ్మాల్సి వస్తే కారు డబ్బు రెండు అప్పులకూ సరిపోకపోవచ్చు.

కార్డు చేతిలో ఉంటే మనసు తీరే వేరు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు డ్రేజన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లకు వేలం పెట్టారు. నగదుతో కట్టాలని చెప్పిన వాళ్ల కంటే కార్డుతో కట్టాలని చెప్పిన వాళ్లు దాదాపు రెట్టింపు పాడారు. టికెట్లు అవే, ఆట అదే. షోరూమ్‌లో ఎక్స్‌టెండెడ్ వారంటీ, పెయింట్ కోటింగ్, మ్యూజిక్ సిస్టమ్ అంటూ జాబితా ముందు పెట్టే సమయానికి కార్డు బయట ఉండటం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

లోన్‌కు ముందు గీకితే

అంతగా ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. కారు కొనేవారు తరచుగా ఒకే నెలలో రెండు పనులు చేస్తారు: బుకింగ్‌కో డౌన్ పేమెంట్‌కో కార్డు గీకుతారు, మిగతా మొత్తానికి లోన్‌కు దరఖాస్తు పెడతారు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. కార్డు లిమిట్‌లో ఎంత శాతం వాడుతున్నారన్నది క్రెడిట్ స్కోరును, అంటే అప్పు సరిగ్గా తీరుస్తారా అని అంచనా వేసే అంకెను, గట్టిగా ప్రభావితం చేస్తుంది. అమెరికాలో ఎక్కువగా వాడే ఫైకో స్కోరులో సకాలంలో కట్టిన చరిత్రకు 35 శాతం, బాకీల భారానికి 30 శాతం ప్రాధాన్యం ఉంటుంది. ఆ రెండో దానిలో కార్డు వాడకం శాతం ముఖ్యమైన భాగం. వేరే చోట్ల స్కోరు సూత్రాలు వేరుగా ఉన్నా, లిమిట్ అంచు దాకా వాడిన కార్డును లోన్ ఇచ్చేవారు ఎక్కడైనా అనుమానంగానే చూస్తారు.

4,00,000 లిమిట్ ఉన్న కార్డు మీద మామూలుగా 40,000 వాడే మనిషి వాడకం 10 శాతం. డౌన్ పేమెంట్‌లో 2,40,000 అదే కార్డు మీద కడితే అది ఒక్కసారిగా 70 శాతానికి ఎగబాకుతుంది. ఖాతాలో డబ్బు సిద్ధంగా ఉందనీ, గడువులోపు కట్టేస్తారనీ స్కోరుకు తెలియదు. బ్యాంకు సాధారణంగా స్టేట్‌మెంట్ తేదీ నాటి బాకీనే క్రెడిట్ బ్యూరోకు, అంటే అందరి అప్పుల వివరాలు నమోదు చేసే సంస్థకు, పంపుతుంది. ఆ వారంలోనే లోన్ దరఖాస్తు పరిశీలనకు వెళ్తే, రేటు ఒక అర శాతం పెరిగినా అయిదేళ్ల లోన్ మీద పోయే వడ్డీ ముందు కార్డు పాయింట్లు దిగదుడుపే.

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. లోన్ మంజూరై రేటు ఖరారయ్యాకే కార్డు మీద పెద్ద మొత్తం కట్టాలి. ముందే కట్టాల్సి వస్తే, స్టేట్‌మెంట్ తేదీ రాకముందే ఆ మొత్తాన్ని ఖాతా నుంచి కార్డుకు జమ చేసేయాలి. బిల్లు వచ్చేదాకా ఆగాలన్న నియమం ఏదీ లేదు. అలా చేస్తే 50 రోజుల వెసులుబాటు పోతుంది గానీ స్కోరు నిలుస్తుంది. లోన్‌కు ముందు నెలల్లో బోనస్ కోసం కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టడం కూడా ఇలాంటిదే. ఆ దరఖాస్తు మీద బ్యాంకు చేసే విచారణ క్రెడిట్ రిపోర్టులో నమోదవుతుంది, లోన్ ఇచ్చేవారి కంట పడుతుంది.

కొద్ది మొత్తం గీకినా దొరికే రక్షణ

ఇంతవరకు చెప్పినవి కార్డు మీద ఎక్కువ గీకితే వచ్చే చిక్కులు. తక్కువ గీకితే వచ్చే లాభం ఒకటుంది, పాయింట్ల కంటే అది ఎంతో విలువైనది. డీలర్ డబ్బు తీసుకుని కారు ఇవ్వకపోయినా, మధ్యలో దుకాణం మూసేసినా, కార్డుతో కట్టిన మొత్తాన్ని వెనక్కి ఇప్పించమని బ్యాంకును అడగవచ్చు. దాన్ని ఛార్జ్‌బ్యాక్ అంటారు. ఇది నెట్‌వర్కుల సొంత నిబంధనల మీద నడిచే పద్ధతి. చాలా రకాల ఫిర్యాదులకు సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది. నగదుగానో బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌గానో వెళ్లిపోయిన బుకింగ్ అమౌంట్‌కు ఇలాంటి దారి మామూలుగా ఉండదు. దివాలా తీసిన కంపెనీ నుంచి వసూలు చేసుకోవాల్సిన అప్పులవాళ్ల వరుసలో కొనుగోలుదారు చివరెక్కడో నిలబడతాడు.

బ్రిటన్‌లో చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడి 1974 నాటి వినియోగదారుల రుణ చట్టంలోని 75వ సెక్షన్ ప్రకారం, 100 పౌండ్లకు మించి 30,000 పౌండ్ల వరకు నగదు ధర ఉన్న వస్తువును క్రెడిట్ కార్డుతో కొంటే, అమ్మినవాడితో పాటు కార్డు ఇచ్చిన సంస్థ కూడా సమానంగా బాధ్యురాలు. ఇందులో గొప్ప విషయం ఏమిటంటే, ధర మొత్తం కార్డు మీద కట్టనక్కర్లేదు. 20,000 పౌండ్ల కారుకు 200 పౌండ్లు డిపాజిట్‌గా కార్డు మీద కట్టి, మిగతాది బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసినా, కారు విషయంలో డీలర్ మాట తప్పితే మొత్తం ధరకు కార్డు సంస్థను అడగవచ్చు. ఛార్జ్‌బ్యాక్ అలా కాదు, కార్డు మీద కట్టినంతే వెనక్కి వస్తుంది. ఒక షరతు మాత్రం మర్చిపోకూడదు. కార్డుదారు, కార్డు సంస్థ, అమ్మినవాడు, ఈ ముగ్గురి మధ్య లంకె తెగకూడదు. మధ్యలో వేరే చెల్లింపు సంస్థ ద్వారా కడితే ఆ లంకె తెగిందని వాదన రావచ్చు. అమెరికాలో అదే 1974లో వచ్చిన ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం, చేతికి అందని సరుకు మీద పడిన బిల్లును కూడా తప్పుడు బిల్లుగానే చూస్తుంది. అయితే స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలల తరబడి వెయిటింగ్ ఉన్న కారుకు ఈ గడువు చిన్నదే, కాబట్టి బుకింగ్ కాగితం మీద డెలివరీ తేదీ రాయించుకోవడం అవసరం.

ఇలాంటి చట్టం లేని చోట కూడా బుకింగ్ అమౌంట్ కార్డు మీద కట్టడం తెలివైన పనే. మొత్తం చిన్నది కాబట్టి డీలర్ ఫీజు గురించి పేచీ పెట్టడు, లిమిట్ నిండదు, స్కోరు కదలదు, గడువులోపు తీర్చడం కష్టం కాదు. ఎక్కువ ప్రమాదం ఉండేదీ ఆ మొత్తానికే, ఎందుకంటే కారు ఇంకా కళ్లముందుకు రాకముందే కట్టే డబ్బు అది. వాడిన కారు అమ్మే వ్యక్తి సొంత ఖాతాకు అడ్వాన్స్ పంపమంటే ఈ రక్షణ ఉండదని గుర్తుంచుకోవాలి.

నెల వాయిదాలు కార్డు మీద కట్టవచ్చా

కారు తీసుకున్నాక వచ్చే ప్రశ్న ఇది. లోన్ ఇచ్చిన సంస్థలు సాధారణంగా క్రెడిట్ కార్డు తీసుకోవు. అప్పును అప్పుతో తీర్చడాన్ని అవి ప్రమాద సూచనగా చూస్తాయి, పైగా ఫీజు కూడా వాళ్లే భరించాలి. అందుకే కార్డు మీద డబ్బు తీసుకుని లోన్ ఖాతాకు పంపే మధ్యవర్తి సేవలు పుట్టాయి. వాటి రుసుము చాలా కార్డులు ఇచ్చే రివార్డు కంటే ఎక్కువ.

రుసుము కన్నా లోతుగా ఉన్న ఇబ్బంది ఇంకొకటి. ప్రతి వ్యాపారికీ కార్డు నెట్‌వర్కులో నాలుగు అంకెల కోడ్ ఉంటుంది. కార్లు అమ్మి, సర్వీసింగ్ చేసే డీలర్లకు 5511, వాడిన కార్లు మాత్రమే అమ్మేవాళ్లకు 5521. ఈ కోడ్‌ల కింద గీకింది మామూలు కొనుగోలు. అదే 6051 లాంటి కోడ్ కింద పడితే, దాన్ని నగదుతో సమానమైన లావాదేవీగా లెక్కిస్తారు. అప్పుడు కార్డుతో నగదు తీసినప్పుడు వేసే క్యాష్ అడ్వాన్స్ ఫీజు పడవచ్చు, వడ్డీ మొదటి రోజు నుంచే మొదలవుతుంది, పాయింట్లు రావు. ఏ కోడ్ కింద పడుతుందో కట్టే ముందు తెరమీద కనిపించదు. మొదటిసారి చిన్న మొత్తంతో ప్రయత్నించి, స్టేట్‌మెంట్‌లో ఎలా నమోదైందో చూశాకే ముందుకు వెళ్లడం క్షేమం. చేతిలో డబ్బు లేక వాయిదాను ఇలా నెట్టుకొస్తున్నవారైతే, లోన్ ఇచ్చిన సంస్థకే ఫోన్ చేసి వాయిదాను కొంత ముందుకు జరపమనో, కాలవ్యవధి పెంచమనో అడగడం చాలా మేలు. అడిగితే పరువు పోతుందని ఆగేవాళ్లు ఎక్కువ. కానీ రెండు వాయిదాలు తప్పాక చేసే ఫోన్ కంటే తప్పకముందు చేసే ఫోన్‌కు విలువ ఎక్కువ.

సున్నా వడ్డీ ఆఫర్లు

కొన్ని కార్డులు మొదటి ఏడాదో, ఇంకొంత కాలమో కొనుగోళ్లపై వడ్డీ లేదంటాయి. కొన్ని చోట్ల బిల్లును ఈఎంఐగా మార్చే వీలుంటుంది. నిజమైన సున్నా వడ్డీ అయితే, డౌన్ పేమెంట్‌కు అది కారు లోన్ కంటే చవకే. ఒప్పుకోవాల్సిందే. చూడాల్సింది షరతులు. ఆఫర్ కాలం ముగిసేనాటికి కొంత బాకీ మిగిలితే ఆ మిగిలిన దానికే వడ్డీ పడుతుందా, లేక మొదటి రోజు నుంచి మొత్తానికి లెక్కగట్టి వేస్తారా అన్నది అన్నిటికంటే ముఖ్యం. రెండో రకాన్ని వాయిదా వేసిన వడ్డీ అంటారు. చివరి నెలలో కొద్ది మొత్తం మిగిలినా ఏడాది వడ్డీ అంతా ఒక్కసారిగా మీద పడుతుంది. ఈఎంఐగా మార్చినప్పుడు ప్రాసెసింగ్ ఫీజు, ముందుగా తీర్చేస్తే పడే రుసుము, అన్నీ తీరేదాకా లిమిట్‌లో ఆ భాగం బంద్ అయి ఉండటం చూసుకోవాలి. ఒక కార్డు బాకీని ఇంకో కార్డుకు మార్చుకోవడానికి 3 నుంచి 5 శాతం రుసుము మామూలు. ఆ బాకీని ఆఫర్ కాలంలో నెలల సంఖ్యతో భాగిస్తే వచ్చే మొత్తం జీతంలోంచి హాయిగా తీయగలిగేలా ఉంటేనే ఈ దారి పట్టాలి.

కారు కంపెనీలే కార్డులు తెచ్చిన కాలం కూడా ఉంది. జనరల్ మోటార్స్ 1992లో అమెరికాలో తన పేరు మీద కార్డు విడుదల చేసింది. ఖర్చులో 5 శాతం జమ అవుతూ పోయి, అది ఆ కంపెనీ కొత్త కారు ధరలో తగ్గేది. మరుసటి ఏడాది ఫోర్డ్ కూడా అదే దారి పట్టి, కొన్నేళ్లకే ఆపేసింది. రోజువారీ ఖర్చు కార్డు మీద పెట్టి ప్రతి నెలా పూర్తిగా తీర్చిన కుటుంబానికి అది నిజంగానే కారు ధరలో కొంత తగ్గించింది. ఇప్పటికీ కారుకు కార్డుతో సాయం చేసుకోవాలంటే ఇది మంచి పద్ధతి. కారు కొనడానికి ముందు రెండు మూడేళ్ల మామూలు ఖర్చుల మీద వచ్చే క్యాష్‌బ్యాక్‌ను వేరుగా దాచి డౌన్ పేమెంట్‌లో కలపడం.

గీకే రోజు, రద్దయ్యే రోజు

పెద్ద మొత్తం ఒక్కసారిగా గీకితే మోసం జరుగుతోందనుకుని బ్యాంకు లావాదేవీ ఆపేయడం సర్వసాధారణం. ముందు రోజు బ్యాంకుకు ఫోన్ చేసి ఫలానా మొత్తం, ఫలానా చోట అని చెబితే ఆ టెన్షన్ ఉండదు. ఒక రోజులో గీకగల హద్దు లిమిట్‌కంటే తక్కువగా సెట్ అయి ఉండొచ్చు, అదీ చూసుకోవాలి. ఖాతాలో డబ్బు ఉండి లిమిట్ చాలకపోతే, రెండు కార్డుల మీద పంచుకుంటారా అని డీలర్‌ను అడగవచ్చు, అభ్యంతరం చెప్పేవాళ్లు తక్కువ.

బుకింగ్ రద్దయితే డబ్బు అదే కార్డుకు వెనక్కి వస్తుంది. కానీ వెంటనే కాదు. డీలర్ పంపడానికి కొన్ని రోజులు, కార్డు ఖాతాలో కనిపించడానికి ఇంకొన్ని రోజులు. ఈలోగా బిల్లు గడువు వస్తే, రీఫండ్ వస్తోంది కదా అని ఆ మొత్తం వదిలేసి మిగతాది కడితే, బ్యాంకు దృష్టిలో అది సగం కట్టిన బిల్లే. వడ్డీ మొదలవుతుంది, వడ్డీ లేని వ్యవధి పోతుంది. బిల్లు పూర్తిగా కట్టేసి, తర్వాత వచ్చిన రీఫండ్ కార్డులో జమగా మిగిలితే దాన్ని ఖాతాకు మార్చమని అడగాలి. బుకింగ్‌తో వచ్చిన పాయింట్లు కూడా వెనక్కి పోతాయి, కొత్త కార్డు బోనస్‌కు దాన్ని లెక్కలో వేసుకుని ఉంటే ఆ హద్దు కిందికి జారిపోయిందేమో చూసుకోవాలి. బుకింగ్ ఫారంలో తిరిగి ఇవ్వబడదు అని రాసి ఉంటే, కారణం లేకుండా మనసు మార్చుకున్న కొనుగోలుదారుకు ఛార్జ్‌బ్యాక్ పనికిరాదు. డీలర్ ఆ సంతకం ఉన్న కాగితాన్ని బ్యాంకుకు పంపితే డబ్బు ఆయన దగ్గరే ఉండిపోతుంది.